చర్చి వెనక నిలిపిన కార్లు

ఆదివారం చర్చికి వచ్చాక షాలేం రాజు అంకుల్ నేరుగా లోపలికి రారు. ముందున్న పార్కింగ్ అంతా ఒకసారి చుట్టి వస్తారు. ఎండాకాలంలో కూడా టై కట్టుకుంటారు. ఒక చేతిలో బైబిలు ఉంటుంది, రెండో చెయ్యి ఖాళీగా ఉంచుకుంటారు. వెండెల్ కంపెనీ కారు కనబడిన చోటల్లా ఆ చేత్తో దాని బానెట్ మీద తడతారు. జూన్ నెలలో టెక్సస్ ఎండకి ఆ రేకు పెనంలా కాలుతుంది. అయినా తడతారు. ఆ తర్వాతే లోపలికి వచ్చి అందరికీ వందనాలు చెబుతారు.

ఫ్రిస్కోలో మా తెలుగు చర్చికి సొంత భవనం లేదు. అమెరికన్ల చర్చిలో వాళ్ల ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం మాకు అద్దెకిస్తారు. ఒంగోలు, గుంటూరు, బందరు, నరసాపురం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువ. కొత్తగా ఎవరొచ్చినా ముందు అపార్ట్‌మెంట్, ఆ తర్వాత కారు. కారు లేకపోతే ఇక్కడ ఉప్పు ప్యాకెట్ కూడా తెచ్చుకోలేం. ప్రతి వస్తువూ ఇంటర్నెట్‌లో పదిసార్లు చూసి కొనేవాళ్లు కూడా కారు మాత్రం అంకుల్ని అడిగే కొంటారు. అంకుల్ చెప్పేది ఎప్పుడూ ఒకటే పేరు, వెండెల్.

చెప్పి ఊరుకోరు. షోరూమ్‌కి వెంట వెళ్తారు. ఆయన "తీసుకో నాన్నా" అన్నాకే సంతకం. ఆ వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక అందరం బయటికి వస్తాం. పాస్టర్ గారు కొత్త కారు మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు. తాళం ముందు అంకుల్ చేతికి వెళ్తుంది, ఆయన దాన్ని కొన్నవాళ్ల అరచేతిలో పెడతారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ మా చర్చిలో అదొక ఆనవాయితీ అయిపోయింది.

నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆయనే. డిగ్రీ రెండో ఏడు మధ్యలో పెళ్లి కుదిరితే చదువు ఆపేసి ఇక్కడికి వచ్చాను. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. డ్రైవింగ్ స్కూల్‌కి వెళ్లనంటే మా ఆయన అంకుల్ని బతిమాలారు. మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత వెండెల్. దాని వయసు పదిహేనేళ్లు దాటినా మెత్తగా నడుస్తుంది. స్టీరింగ్ నా చేతిలో ఉండగా అంకుల్ పక్కన కూర్చుని రోడ్డు వైపు చూస్తూ తన సంగతులు చెప్పేవారు. నేను బదులు చెప్పాల్సిన పని ఉండేది కాదు. అది మా ఇద్దరికీ కుదిరింది.

ఆయన తండ్రి బందరులో మిషన్ ఆసుపత్రి జీపు డ్రైవరట. జీపు కదలకపోతే రోగి బతకడని తెలిసిన మనిషి కాబట్టి, అన్నం తినేముందు ఇంజన్ చూసుకునేవాడట. అంకుల్ కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, మిషిగన్ వచ్చి, వెండెల్ ఫ్యాక్టరీలో చేరారు. గేర్‌బాక్సుల తనిఖీ. తయారైన ప్రతి గేర్‌బాక్సునూ మోటారుకి తగిలించి తిప్పుతారు. దాని మీద చెయ్యి వేసి, చెవి పెట్టి, తేడా ఉంటే ఎర్ర చీటీ కట్టాలి. ఎర్ర చీటీ కట్టింది ముందుకు వెళ్లదు. ఎవరు కట్టినా సరే, కొత్తగా చేరిన కుర్రాడు కట్టినా సరే, అందరూ ఆగి చూడాల్సిందే.

"కోపాలొచ్చేవి కాదా అంకుల్?" అని ఒకసారి అడిగాను. నేనుగా అడిగిన కొద్ది ప్రశ్నల్లో అదొకటి.

"ఎందుకు తల్లీ కోపం? చీటీ కట్టనివాడి మీద కోపం రావాలి గానీ."

తర్వాత వెండెల్ కంపెనీని వేరే దేశపు పెద్ద గ్రూపు కొనేసింది. ఆ గ్రూపు చేతిలో అప్పటికే మూడు నాలుగు కార్ల పేర్లు ఉన్నాయి. అంకుల్ ఆ సంగతి చెప్పేటప్పుడు ఇంట్లో పిల్లకి సంబంధం కుదిరినట్టు చెప్పేవారు. కలిగినవాళ్లు, పెద్ద కుటుంబం, పిల్ల పేరు కూడా మార్చలేదు, కారు ముందు అదే గుర్తు, వెనక అవే అక్షరాలు. ఏడాది తిరిగాక గేర్‌బాక్సుల ఫ్యాక్టరీ మూసేశారు. అంకుల్ రిటైరై కొడుకు దగ్గరగా ఉందామని ఫ్రిస్కో వచ్చేశారు. మూసేశారన్న మాట చెప్పాక మాత్రం ఆయన మాట మార్చి, "అద్దం చూసుకో, లేన్ మారు" అనేవారు.

చర్చిలో నేను ఎక్కువసేపు వంటగదిలోనే ఉంటాను. ఆరాధన అయ్యాక అందరికీ భోజనాలుంటాయి. అన్నం వేడి చేయడం, ఉల్లిపాయలు, నిమ్మకాయలు కోయడం నాకిష్టమైన పని. ఆ గది కిటికీ చర్చి వెనక వైపుకి తెరుచుకుంటుంది. అక్కడ చెత్తడబ్బాల పక్కన చిన్న పార్కింగ్ ఉంది. ముందు బోలెడంత చోటు ఉంటుంది కాబట్టి అటు ఎవరూ రారు.

ఒక ఆదివారం అక్కడ తెల్ల జపాన్ కారు ఒకటి కనిపించింది. దాంట్లోంచి సుందర్ రాజ్ గారు, ఆయన భార్య, చంటిపిల్ల దిగారు. ఏడాది క్రితం వాళ్ల కొత్త వెండెల్‌కి ప్రార్థన జరిగినప్పుడు నేను లడ్డూలు పంచాను. సుందర్ రాజ్ గారు కిటికీలో నన్ను చూసి, నోటి మీద వేలు పెట్టుకుని నవ్వారు. తర్వాత వారాల్లో అక్కడ ఇంకో కారు, ఆ పైన ఇంకొకటి చేరాయి. ముందు వైపు అంకుల్ తట్టే బానెట్లు తగ్గుతూ వచ్చాయి.

వంటగదిలో ఆడవాళ్ల మాటల్లో సంగతి తెలిసింది. కంపెనీ చేతులు మారాక వచ్చిన వెండెల్ కార్లు రెండేళ్లు తిరగకుండానే మొరాయిస్తున్నాయి. సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు గేరు పట్టదు, పట్టినప్పుడు వీపు మీద గుద్దినట్టు పడుతుంది. సుందర్ రాజ్ గారి భార్య పిల్లని వెనక సీట్లో పెట్టుకుని వెళ్తుంటే బళ్లు దూసుకుపోయే టోల్‌వే మధ్యలో కారు నిలిచిపోయిందట. వెనక లారీ హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి వెళ్లిందట. షోరూమ్ వాళ్లు అంతా మామూలే అన్నారట. ఎవరికి వాళ్లు గుట్టుగా అమ్మేసి వేరే కారు కొనుక్కున్నారు. అంకుల్ చూస్తే నొచ్చుకుంటారని వెనక పెడుతున్నారు.

"చెప్పొచ్చు కదా" అని నేను మెల్లిగా అన్నాను.

"నువ్వు చెప్పు చూద్దాం" అని ఒకావిడ నవ్వింది. అందరూ నవ్వారు. పెద్దాయన, మేలు కోరి చెప్పిన మనిషి, ఆయన మొహం మీద ఎలా అంటాం అన్నది అందరి మాటా. ఎదురుపడి "కారు ఎలా ఉంది నాన్నా" అని ఆయన అడిగితే, "దేవుని దయ అంకుల్" అని తప్పుకుంటున్నారు. అంకుల్ భార్య వసంతకుమారి ఆంటీ కూడా అక్కడే ఉన్నారు. పప్పు గిన్నె మీద మూత సర్దుతూ, "ఆయనకి అది కంపెనీ పేరు కాదమ్మా, ఇంటిపేరు" అన్నారు. నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఎవరికైనా చెడు కబురు చెప్పగలిగిన మనిషి. ఆవిడే చెప్పలేకపోతున్నారు.

ఇది ఇలాగే జరిగిపోయేది. కానీ క్రిస్టీ వచ్చింది.

క్రిస్టీ నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. న్యూజెర్సీలో నర్సుగా చేసి, ఇక్కడ డయాలసిస్ సెంటర్‌లో ఉద్యోగం దొరికి, ఆంటీ వాళ్లింట్లో పైగదిలో దిగింది. తెల్లవారకముందే వెళ్లి మెషీన్లు సిద్ధం చేయాలి. తను ఆలస్యమైతే రోగులు బయట కుర్చీల్లో ఎదురుచూస్తారు. కారు కొనుక్కునేదాకా అంకుల్ దించి వస్తున్నారు. మనసు పడి కొనుక్కునేది కాదు, నమ్మి ఎక్కే కారు కావాలంది. అంకుల్ కొత్త వెండెల్ అన్నారు. ఒకే ఒక్క షరతు పెట్టింది క్రిస్టీ, టోల్‌వే మీద చీకట్లో తను ఒక్కతే ఆగిపోకూడదు. అంకుల్ హామీ ఇచ్చారు.

భోజనాల దగ్గర ఆ అమ్మాయి ఒక్కొక్కరినీ అడిగింది, కొనొచ్చా అని. అంకుల్ పక్కనే ఉన్నారు. "అంకుల్ చెప్పాక ఇంకేముంది" అన్నారు సుందర్ రాజ్ గారు, పళ్లెంలోకి చూస్తూ. మిగతావాళ్లూ అలాగే అన్నారు. వచ్చే శనివారం షోరూమ్‌కి వెళ్దామని అంకుల్ తేల్చేశారు.

ఇంటికొచ్చాక మా ఆయనతో చెప్పాను. మనకెందుకు, పెద్దవాళ్లు చూసుకుంటారు అన్నారు. పెద్దవాళ్లంతా ఏం చూశారో నేను చూశాను. ఆ వారం క్రిస్టీకి ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబర్ తీశాను. ఎవరెవరు దాచారో పేర్లతో సహా చెప్పాల్సి వస్తుందని మానేశాను.

శుక్రవారం సాయంత్రం అదే చర్చిలో ఉపవాస ప్రార్థన కూడిక ఉంది. మా ఆయనకి ఆఫీస్‌లో పని పడింది. ఆంటీ ముందే వెళ్లిపోయారు. అంకుల్ నాతో వచ్చారు, డ్రైవింగ్ పాఠం కూడా అవుతుందని. చర్చి మలుపు దగ్గర "కుడివైపు పెట్టు తల్లీ" అన్నారు. నేను ఎడమకి తిప్పి భవనం చుట్టూ తీసుకెళ్లి, చెత్తడబ్బాల పక్కన ఆపాను.

"ఇక్కడెందుకు?" అన్నారు అంకుల్.

నేను ఇంజన్ కట్టేశాను. ఆయన దిగారు. కూడికకి వచ్చినవాళ్ల కార్లు వరసగా ఉన్నాయి. అద్దాల వెనక పిల్లల సీట్లు, అద్దాల మీద పిల్లలు అతికించిన బొమ్మలు, ఒకదాంట్లో చర్చి గిటారు. ఎవరి కారు ఏదో చెప్పడానికి ఆయనకి ఎక్కువసేపు పట్టలేదు. ఒక్కో కారు దగ్గరా ఆగారు. చెయ్యి ఎత్తలేదు. చివరి కారు దాకా వెళ్లి తిరిగి వచ్చి, "ఎన్నాళ్లనుంచి?" అని అడిగారు.

"పోయిన క్రిస్మస్ ముందు నుంచి అంకుల్."

తల ఊపి లోపలికి వెళ్లారు. కూడికలో ఆయన ప్రార్థించే వంతు వస్తే, తల వంచుకునే ఉండి పక్కవాళ్లకి వదిలేశారు.

కూడిక అయ్యాక సుందర్ రాజ్ గారిని వంటగదిలోకి పిలిచారు. నేను, ఆంటీ గ్లాసులు కడుగుతున్నాం. మమ్మల్ని పొమ్మనలేదు.

"నీ వెండెల్ ఏం చేసింది రా?"

సుందర్ రాజ్ గారు ఆంటీ వైపు చూశారు. ఆంటీ కుళాయి కట్టేశారు. ఇక తప్పక టోల్‌వే సంగతి, లారీ సంగతి చెప్పారు. చంటిపిల్ల ఏడుపు ఎంతకీ ఆగలేదని చెప్పారు. అంకుల్ మధ్యలో రెండు ప్రశ్నలు అడిగారు, ఇంజన్ వేడెక్కాక వచ్చిందా, ముందునుంచీ ఉందా అని. తర్వాత అన్నారు.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకెలా చెబుతాం అంకుల్? మా మంచికే చెప్పారు కదా. మీకు బాధ కలిగించడం ఎందుకని..."

"నేను ఇన్‌స్పెక్టర్‌ని రా. జీవితమంతా తప్పు చెబితే జీతమిచ్చారు నాకు. నీ భార్యాపిల్లలు రోడ్డు మధ్యలో కూర్చున్నారు, నేనేమో ఇక్కడ బానెట్లు తట్టుకుంటూ తిరిగాను. ఒక్కరూ ఎర్ర చీటీ కట్టలేదు."

సుందర్ రాజ్ గారికి ఎర్ర చీటీ అంటే ఏమిటో తెలియదు. అయినా తల దించుకున్నారు. అంకుల్ ఆంటీ వైపు తిరిగారు. "నీకూ తెలుసా?" అన్నారు. ఆంటీ ఔనన్నారు. ఇంకేం జరగలేదు. ఆంటీ ఆయన చేతికి మంచినీళ్ల గ్లాసు ఇచ్చారు, ఆయన తాగారు.

మర్నాడు షోరూమ్‌కి వెళ్లకుండా మానేస్తారనుకున్నాను. పొద్దున్నే ఫోన్ చేసి నన్ను కూడా రమ్మన్నారు. క్రిస్టీకి తోడుగా అన్నారు గానీ, నిన్న మలుపు దగ్గర తిప్పినదాన్ని మిగతా దారి కూడా రమ్మంటున్నారని నాకు అర్థమైంది. వెనక సీట్లో కూర్చున్నాను.

షోరూమ్‌లో సేల్స్‌మన్ అంకుల్ని చూడగానే పెద్దగా నవ్వి కాఫీ తెచ్చాడు. అంకుల్ కాఫీ ముట్టలేదు. కొత్త వెండెల్ తాళం తీసుకుని తనే నడిపారు. సర్వీస్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆపి కదిలించారు. మళ్లీ ఆపారు, మళ్లీ కదిలించారు. చప్పుడు వినబడాలని ఏసీ ఆపేయమన్నారు. లోపల ఉడికిపోయాం. అదే సిగ్నల్ చుట్టూ తిరిగి వచ్చి, ఈసారి ఎడమ చేత్తో స్టీరింగ్ పట్టుకుని, కుడిచెయ్యి గేరు పక్కన రేకు మీద ఆనించి ఉంచారు. కారు కదిలేముందు కొంచెం తటపటాయించింది. నాకు ముందైతే తెలిసేది కాదు, ఆయన నేర్పారు కాబట్టి తెలిసింది.

ఒక షాపు ముందు చెట్టు నీడలో ఆపి ఇంజన్ కట్టేశారు.

"ఇది మా గేర్‌బాక్సు కాదమ్మా" అన్నారు క్రిస్టీతో. "వాళ్లకున్న అన్ని కార్లకీ ఒకటే చేసి పెడుతున్నారు. ఇంకో పేరున్న చిన్న కారుకి చేసింది ఈ బరువు కారుకి తగిలించారు. ఫ్యాక్టరీ మూశారని నాకు తెలుసు. మా వాళ్లు వేరేచోట అదే పని చేస్తుంటారులే అనుకున్నాను. నిన్న రాత్రిదాకా ఎవరినీ అడగలేదు. అడిగితే ఏం చెబుతారో అని."

"మీరు వద్దంటే వద్దు అంకుల్" అంది క్రిస్టీ.

"నేనన్నానని కాదు. నువ్వు నడుపు. నీకేమనిపించిందో నువ్వే చెప్పు."

క్రిస్టీ సీటు మారి నడిపింది. సిగ్నల్ దాటి ఇంకో మలుపు దాకా పోనిచ్చింది. అంకుల్ నొచ్చుకుంటారని ఆ అమ్మాయికీ ఉంది. ఆయన ఆమె వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నా పాఠాలప్పుడు కూడా అంతే, తప్పు చేస్తే నా మొహం వైపు చూసేవారు కాదు.

చివరికి, "కాలు నొక్కినా రాలేదు అంకుల్, ఆ తర్వాత దూకింది. చీకట్లో అయితే నాకు భయమేస్తుంది" అంది.

"అదీ. అలా చెప్పాలి" అన్నారు అంకుల్. ఆ మాట చాలా తేలిగ్గా అన్నారు. నిన్నటినుంచి మొదటిసారి ఊపిరి తీసుకున్నట్టు అనిపించింది.

తాళం తిరిగి ఇస్తే సేల్స్‌మన్‌కి ఏమీ బోధపడలేదు. ధర తగ్గిస్తానన్నాడు. అంకుల్ అతనికి గేర్‌బాక్సు సంగతి ఓపిగ్గా వివరించారు. అతను సరే సరే అంటూ విన్నాడు. అంకుల్ అతని భుజం తట్టి బయటికొచ్చారు. ఆ మధ్యాహ్నం ఇంకో రెండు షోరూములు తిరిగి క్రిస్టీ ఒక జపాన్ కారు కొనుక్కుంది. ప్రతి కారునూ ముందు క్రిస్టీ నడిపింది, తర్వాత అంకుల్ నడిపారు, ఆఖరికి నన్ను కూడా నడపమన్నారు. నా అభిప్రాయం అడిగారు. బ్రేక్ కొంచెం గట్టిగా ఉందన్నాను. క్రిస్టీ కూడా అదే అంది.

ఆదివారం సాక్ష్యాల సమయంలో అంకుల్ లేచి ముందుకు వెళ్లారు. మామూలుగా జబ్బు నయమైనవాళ్లు, వీసా వచ్చినవాళ్లు చెబుతారు. ఆయన చెప్పగా మేమెప్పుడూ వినలేదు.

"అందరికీ వందనాలు. మిషిగన్‌లో నేను చెయ్యి వేసి చూసి, బాగుందంటేనే కారు బయటికి వెళ్లేది. మీకు చెప్పినవి మాత్రం అలా చూసి చెప్పలేదు. పేరు చూసి చెప్పాను. ఆ పేరు మీద నాకున్న ప్రేమని మీరు టోల్‌వే మీద మోశారు. పాతవి ఉన్నవాళ్లు నడుపుకోండి. కంపెనీ చేతులు మారాక వచ్చినవి కొనమని ఇక చెప్పను. క్షమించండి."

సాక్ష్యం అయ్యాక ఆమెన్ అనడం అలవాటు. ఈ సాక్ష్యానికి అనాలో అనకూడదో ఎవరికీ తెలియలేదు. పాస్టర్ గారు కూడా తటపటాయించారు. రెండో వరసలోంచి సుందర్ రాజ్ గారి భార్య "ఆమెన్" అంది. అప్పుడు అందరూ అన్నారు.

క్రిస్టీ కారుకి ప్రార్థన జరిగింది. తాళం తన చేతికి వస్తే అంకుల్ వద్దన్నారు, కొన్న అమ్మాయికే నేరుగా ఇమ్మన్నారు. క్రిస్టీ ఒప్పుకోలేదు. "నడిపి చూశారు కదా అంకుల్, ఇవ్వండి" అంది. ఇచ్చారు.

భోజనాల దగ్గర మొదట ఎవరూ కార్ల మాట ఎత్తలేదు. అంకుల్ పళ్లెం పట్టుకుని సుందర్ రాజ్ గారి బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుని, కొత్త కారు ఎలా ఉందని అడిగారు. దేవుని దయ అని నోటిదాకా వచ్చి, సుందర్ రాజ్ గారు ఆగిపోయారు. ఏసీ చల్లబడ్డానికి చాలాసేపు పడుతోందని చెప్పారు. పక్కబల్ల ఆయన తన కారు రేడియో గురించి చెప్పారు. ఇంకొకాయన ఇప్పటికీ తన దగ్గరున్న కొత్త వెండెల్ రివర్స్‌లో మూలుగుతుందన్నారు. తర్వాత ఒకరి మాట మీద ఇంకొకరు, ఆగలేదు. తన కారు మీద ఫిర్యాదు లేనివాడు చిన్నబోయాడు.

అంకుల్ ఎవరినీ సమాధానపరచలేదు. మిట్ట ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా అని అడుగుతున్నారు. మూలుగు సన్నగా ఉంటుందా, లావుగా ఉంటుందా అంటే ఆ మనిషి గొంతుతో చేసి చూపించాడు. అంకుల్ కళ్లు మూసుకుని, "మళ్లీ చెయ్యి" అన్నారు. పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు, వింటున్నారు. అన్నం చల్లారిపోయింది. వసంతకుమారి ఆంటీ వచ్చి ఆయన ముందునుంచి పళ్లెం తీసి నాకిచ్చారు, వేడి చేసి తెమ్మని.